“ఏం పని చేస్తావమ్మా?” – చర్మపు అలర్జీలు, స్త్రీల శ్రమ

(తెల్లాపూర్‌లో ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, భవన నిర్మాణ కార్మిక స్త్రీల కోసం జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక చర్మవ్యాధుల డాక్టరు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాము.)



చర్మపు అలర్జీల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. దురద గురించి మాట్లాడుకోవడానికి ఒక సదస్సా అని కొందరికి అనిపించవచ్చు. దీనితో ఎవరూ చచ్చిపోరు కదా అని ఇంట్లో మగవాళ్ళూ అంటారు, మనమూ అనుకుంటాం. కాని రాత్రంతా గోక్కుంటూ నిద్ర లేకుండా గడిపి తెల్లవారి ఐదింటికి లేచి పనికి పోయే మనిషిని అడగండి. వేళ్ళు పగిలి, ఉప్పూ కారం తగిలితే మండి, అన్నం కలుపుకోలేని మనిషిని అడగండి. చేతులు చూసి “రేపటి నుంచి రావద్దు” అని చెప్పించుకున్న మనిషిని అడగండి. దురద ఎంత పెద్ద విషయమో వాళ్ళు చెబుతారు.

తెల్లాపూర్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు మెదక్ జిల్లాలో పొలాలు చేసుకున్న ఊరు. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2018లో మునిసిపాలిటీ అయింది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ కోసం ఇక్కడా, నల్లగండ్లలో, కొల్లూరులో అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. ఆ అంతస్తులకు సిమెంటు మోసినవాళ్ళలో స్త్రీలున్నారు. కట్టడం అయిపోయాక ఆ ఇళ్ళలో గిన్నెలు తోమేదీ, గచ్చు తుడిచేదీ స్త్రీలే. కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళకు నగరంలోని బస్తీల నుంచి వచ్చినవాళ్ళు కూడా మీలో ఉన్నారు. ఈ ఊరిని కట్టిన చేతులకూ, శుభ్రంగా ఉంచే చేతులకూ వస్తున్న జబ్బు గురించే ఈరోజు మాట్లాడతాను.

నా దగ్గరికి దురదతో వచ్చే స్త్రీలను “ఏం పని చేస్తావమ్మా?” అని అడుగుతాను. చాలామంది “ఏం లేదు డాక్టరమ్మా, ఇంట్లనే ఉంట” అంటారు. ఇంకొంచెం అడిగితే నాలుగిళ్ళలో పాచిపని చేస్తున్నట్టు తెలుస్తుంది. ఇంకొకామె ఇంట్లోనే కూర్చుని మిషను కుడుతుంది. మరొకామె భర్తతోపాటు సెంట్రింగ్ పనికి పోతుంది, కాని అది “ఆయన పని” అంటుంది. స్త్రీ చేసేది పనే కాదని లోకం అంటుంటే ఆమె కూడా నమ్మింది. దీనివల్ల జరిగే నష్టం కూలి దగ్గర ఆగదు. పని పేరు తెలియకపోతే జబ్బుకు కారణం కూడా తెలియదు. ఈరోజు నేను చెప్పదలచుకున్న విషయం ఇదే.

అలర్జీ అంటే ఏమిటి?

మన శరీరంలో బయటి శత్రువులను పట్టుకునే రక్షణ వ్యవస్థ ఒకటి ఉంది. సూక్ష్మక్రిములు వస్తే పోరాడటం దాని పని. కొందరిలో అది ప్రమాదం లేని వస్తువును కూడా శత్రువు అనుకుంటుంది. చెవికమ్మలోని లోహాన్నీ, రంగులోని రసాయనాన్నీ, పువ్వు పుప్పొడినీ చూసి యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధం చర్మం మీద జరిగితే దురద, ఎరుపు, పొక్కులు వస్తాయి. దాన్నే చర్మపు అలర్జీ అంటాం.

ఇది రెండు రకాలుగా వస్తుంది. మొదటిది వెంటనే వచ్చేది. నిమిషాల్లో, మహా అయితే ఒకటి రెండు గంటల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. ఒక దద్దురు ఇరవైనాలుగు గంటల్లోపే అణిగిపోతుంది, మరోచోట ఇంకొకటి లేస్తుంది. హిస్టమిన్ అనే పదార్థం చర్మంలో విడుదల కావడం వల్ల ఇలా అవుతుంది. చేపలు, రొయ్యలు, వేరుశనగ వంటి ఆహారం కొందరికి పడదు. కొందరికి నొప్పి బిళ్ళలు పడవు, కొందరికి యాంటీబయాటిక్ మందులు పడవు. తేనెటీగ కుట్టినా రావచ్చు. పిల్లల్లో జ్వరం తర్వాత కూడా దద్దుర్లు వస్తాయి. ఆరు వారాలు దాటి నెలల తరబడి వచ్చే దద్దుర్లకు మాత్రం చాలామందిలో బయటి కారణం ఉండదు. శరీరం తనమీద తానే తిరగబడటం వల్ల అవి వస్తాయి.

రెండోది ఆలస్యంగా వచ్చేది. దీన్ని తాకిడి ఎగ్జిమా అనుకోండి. పడని వస్తువు చర్మానికి తగిలిన ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి మూడు రోజులకు, తగిలినచోట దురద మొదలై, ఎర్రబడి, నీటిపొక్కులు వచ్చి, రసి కారుతుంది. పాతబడితే చర్మం మొద్దుబారి, నల్లబడి, పగుళ్ళు పడుతుంది. సోమవారం తగిలినదానికి బుధవారం దురద పుడితే సోమవారం సంగతి ఎవరికి గుర్తుంటుంది? అందుకే కారణం దొరకదు. నిన్న తిన్న కూర గుర్తుంటుంది కనుక నింద దాని మీద పడుతుంది.

ఇంకొక సంగతి. “పదేళ్ళ నుంచి ఇదే వాడుతున్న, ఎన్నడూ ఏం కాలేదు” అని మీరంటారు. తాకిడి అలర్జీ మొదటిరోజే రాదు. శరీరం ఆ వస్తువును గుర్తుపట్టి శత్రువుగా రాసుకోవడానికి వారాలు పట్టవచ్చు, ఏళ్ళు పట్టవచ్చు. ఒకసారి రాసుకున్నాక చాలావరకు జీవితాంతం మరచిపోదు. కనుక పాత వస్తువే కదా అని దాన్ని అనుమానించకుండా వదిలిపెట్టవద్దు.

అలర్జీ కాకపోయినా చర్మం చెడవచ్చు. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి, బ్లీచింగు, బాత్‌రూము యాసిడ్ – ఇవి చర్మం మీద సహజంగా ఉండే నూనెపొరను తీసేస్తాయి. రోజుకు ఐదారు గంటలు చేతులు నీళ్ళలో నానితే ఎవరి చర్మమైనా చిట్లుతుంది. దీనికి అలర్జీ ఉండనక్కర్లేదు. పనివల్ల చేతులకు వచ్చే ఎగ్జిమాలో ఎక్కువ భాగం ఇలాంటిదే. చిట్లిన చర్మంలోంచి రసాయనాలు లోపలికి పోయి, తర్వాత అలర్జీ కూడా తోడవుతుంది.

కారణాలు ఎక్కడున్నాయి?

ముందు సిమెంటు. తడి సిమెంటు సున్నంలాగే ఘాటైన క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. దానికి తోడు అందులో హెక్సావాలెంట్ క్రోమియం అనే లోహపు రూపం కొద్దిగా ఉంటుంది. సిమెంటుకు అలర్జీ వచ్చేది దీనివల్లే. మాలు కలిపినచోట, తట్ట పట్టిన వేళ్ళకు, తడి సిమెంటులో నిలబడిన పాదాలకు ఎగ్జిమా వస్తుంది. ఇది ఒకసారి పాతుకుపోతే పని మానినా చాలామందిలో ఏళ్ళ తరబడి తగ్గదు. అయితే దీనికి ఉపాయం ఉంది. సిమెంటు తయారీలో ఫెర్రస్ సల్ఫేటు కలిపితే ఆ క్రోమియం హాని తక్కువైన రూపంలోకి మారుతుంది. డెన్మార్కు 1983లోనే దీన్ని అమలులో పెట్టింది. 2005 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా, చేతితో కలిపే సిమెంటులో ఈ క్రోమియం పది లక్షల్లో రెండు పాళ్ళు మించకూడదని నియమం ఉంది. అక్కడి కార్మికుల చర్మమూ మన చర్మమూ ఒకటే. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదని అడగవలసింది మనమే.

రెండోది ఇళ్ళలో పని. సబ్బు సంగతి చెప్పాను. చేతులు కాపాడుకోవడానికి రబ్బరు తొడుగులు వేసుకుంటే కొందరికి రబ్బరులో కలిపే రసాయనాలే పడవు. తొడుగు ఆకారంలో మణికట్టు దాకా దురద వస్తే దాన్నే అనుమానించాలి. హవాయి చెప్పుల పట్టీ కింద, పట్టీ ఆకారంలోనే వచ్చే మచ్చకూ రబ్బరే కారణం కావచ్చు. వెల్లుల్లి రోజూ కిలోల లెక్కన ఒలిచే స్త్రీలకు ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు పగులుతాయి. కుడిచేతిలో కత్తి ఉంటుంది కనుక వెల్లుల్లి రెబ్బను పట్టుకునేది ఎడమచెయ్యే. మచ్చ ఎక్కడ ఉందో చూస్తే పని ఏమిటో తెలుస్తుంది.

మూడోది మన అలంకారం. గిల్టు కమ్మలు, గొలుసులు, గాజుల మీద నికెల్ పూత ఉంటుంది. చెవి తమ్మెకు పుండు, మెడచుట్టూ దురద దానివల్లే. జాకెట్టు హుక్కు వల్ల వీపు మీద, లంగాకు పెట్టుకున్న పిన్నీసు వల్ల నడుము మీద మచ్చ వస్తుంది. ప్రపంచమంతటా నికెల్ అలర్జీ మగవాళ్ళకంటే స్త్రీలకే ఎక్కువ. ఆడపిల్లలకు పసితనంలోనే చెవులు కుట్టి ఆ లోహాన్ని చర్మంలోకి దూర్చడం ఒక ముఖ్య కారణం. చర్మాన్ని అంటుకుని ఉండే వస్తువుల్లోంచి ఎంత నికెల్ బయటికి రావచ్చో యూరోపియన్ యూనియన్ 1994లో హద్దు పెట్టింది.

బొట్టుబిళ్ళ వెనక ఉండే జిగురులో పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం ఉండవచ్చు. అది కొందరికి దురద తెస్తుంది, కొందరికి బిళ్ళ పెట్టుకున్నచోట రంగును చంపి తెల్లమచ్చ చేస్తుంది. “బొట్టు తీసెయ్యమ్మా” అంటే ఒకామె నాతో “మొగడుండంగ బొట్టు తీసేస్తే మా అత్త ఊకుంటదా?” అన్నది. పుండు మీదనే బిళ్ళ పెట్టుకుని తిరుగుతోంది. స్త్రీ నుదుటి మీద ఏముండాలో ఆమె చర్మానికి నిర్ణయించుకునే హక్కు కూడా లేదు. ఆ తెల్లమచ్చ చూసి బొల్లి అన్నారు, పెళ్ళి కావలసిన చెల్లెలుందని పుట్టింటికి రానివ్వడం మానేశారు. మన చట్టాల్లో కూడా కుష్ఠు వ్యాధి విడాకులకు ఒక కారణంగా ఉండేది. మందుతో నయమయ్యే ఆ వ్యాధిని 2019లో గాని ఆ జాబితాలోంచి తీసెయ్యలేదు. బొల్లి ఏ జాబితాలోనూ లేదు, అయినా ఇళ్ళలో తీర్పులు నడుస్తూనే ఉన్నాయి.

జుట్టు రంగు సంగతి ఇంకా ముఖ్యం. నల్ల రంగులో పారాఫినిలీన్ డయమిన్ అనే రసాయనం ఉంటుంది. “నల్ల మెహందీ” పేరుతో అమ్మే పొట్లాల్లో కూడా ఉండవచ్చు. గోరింటాకు సహజంగా ఎర్రగా పండుతుంది, కాటుకలా నల్లగా పండితే అందులో వేరే ఏదో కలిసిందని అర్థం. ఇది పడనివాళ్ళకు నెత్తి, చెవులు, కనురెప్పలు వాచి, రసి కారి, ముఖం గుర్తుపట్టలేనట్టు అవుతుంది. ఈ రంగు పెట్టె మీద హెచ్చరిక ఉండాలనీ, అది ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషలో కూడా ఉండాలనీ మన దేశపు సౌందర్య సాధనాల నియమాలు చెబుతున్నాయి. ముందుగా చెవి వెనక గాని, ముంజేతి లోపలివైపు గాని కొద్దిగా రాసి ఇరవైనాలుగు గంటలు చూడాలని, ప్రతిసారీ అలా చూశాకే వాడాలని ఆ నియమాల్లోనే ఉంది. నన్నడిగితే రెండు రోజులు ఆగి చూడమంటాను, ఆలస్యంగా వచ్చే అలర్జీ అని చెప్పాను కదా. మీ ఇంట్లో ఉన్న పెట్టె తీసి చూడండి. తెలుగులో ఉందా? ఉంటే మీ కళ్ళతో చదవగలిగినంత అక్షరాలున్నాయా?

నాలుగోది గాలి. వానలు పడగానే ఇక్కడ ఖాళీ ప్లాట్లన్నిటిలో వయ్యారిభామ పెరుగుతుంది. చూడండి, మనుషులకు హాని చేసే కలుపుమొక్కకు పేరు పెట్టాల్సి వస్తే ఆడపేరే దొరికింది! 1950లలో పుణెలో ఈ మొక్కను గమనించారు. అమెరికా నుంచి దిగుమతి అయిన గోధుమలతో వచ్చిందని చెబుతారు. తర్వాత దేశమంతా పాకింది. దీని పొడి గాలిలో ఎగిరివచ్చి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతుల మడతల్లో ఎగ్జిమా తెస్తుంది. చేతులతో పీకే తోటపని స్త్రీలకు, పారిశుధ్య కార్మికులకు ఇంకా ఎక్కువ. చామంతి, బంతి ఈ మొక్క కుటుంబంలోనివే. కనుక వయ్యారిభామ పడని మనిషికి పూలు కట్టేటప్పుడు, బతుకమ్మ పేర్చేటప్పుడు చామంతితో కూడా దురద రావచ్చు. తంగేడు, గునుగు వేరే కుటుంబాలకు చెందినవి.

మందుల షాపు క్రీములు, వంకాయ కూర

దురద వస్తే మనం ముందు పోయేది మందుల షాపుకే. అక్కడ ఒక ట్యూబు ఇస్తారు. రాసుకున్న మూడోరోజుకు తగ్గిపోతుంది, మానేస్తే మళ్ళీ వస్తుంది. అందులో ఉండేది చాలాసార్లు గట్టి స్టెరాయిడు. డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పినచోట వాడితే స్టెరాయిడు మంచి మందే. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానేస్తే ముఖం మండిపోతుంది. ఎరుపు తగ్గి తెల్లగా కనిపిస్తున్నానని పెళ్ళికూతుళ్ళు దీన్ని క్రీములాగా రాస్తున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నియమాలు మార్చింది. ఆ నియమం కౌంటరు దగ్గర అమలవుతోందో లేదో మీకే బాగా తెలుసు.

ఇక పథ్యం. “వేడి చేసింది, నెత్తురు చెడింది, వంకాయ తినకు, గుడ్డు తినకు, చేప తినకు” అంటారు. వెంటనే వచ్చే దద్దుర్లలో, తిన్న ప్రతిసారీ గంటా రెండు గంటల్లో వస్తే, ఆ ఆహారాన్ని అనుమానించవచ్చు. సిమెంటు వల్లనో, సబ్బు వల్లనో చేతులకు వచ్చిన ఎగ్జిమా గుడ్డు మానేస్తే తగ్గదు. మన స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి చేత ఆ గుడ్డు కూడా మాన్పించి, జబ్బు కారణాన్ని మాత్రం అలాగే వదిలేస్తున్నాం.

మరో మాట గట్టిగా చెప్పాలి. అలర్జీ అంటుకోదు. గజ్జి, తామర అంటుకుంటాయి. గజ్జి అయితే రాత్రిళ్ళు దురద ఎక్కువగా ఉండి, ఇంట్లో మరొకరికి కూడా వస్తుంది, మందు రాస్తే పూర్తిగా నయమవుతుంది. ఏది ఏమిటో డాక్టరు చూసి చెప్పగలరు. చూపించుకోకుండానే పనిమనిషిని అంటురోగి అని తీసెయ్యడం అన్యాయం. ఆ ఇంటి సబ్బుతో, ఆ ఇంటి యాసిడ్‌తో చెడిన చేతులను చూసి ఆ ఇంటివాళ్ళే అసహ్యపడటం మరింత అన్యాయం. ఇలాంటప్పుడు “ఇది అంటువ్యాధి కాదు” అని ఆస్పత్రిలో రాసి ఇమ్మని అడగండి. అడగడం మీ హక్కు.

కారణం ఎలా కనుక్కోవాలి?

1700 సంవత్సరంలో ఇటలీలో రమజ్జినీ అనే వైద్యుడు కార్మికుల జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రోగిని అడిగే పాత ప్రశ్నలకు “నువ్వు ఏం పని చేస్తావు?” అన్న ప్రశ్నను కూడా చేర్చాలన్నాడు. ఆ పుస్తకంలో బట్టలుతికే స్త్రీల జబ్బుల మీద ఒక అధ్యాయమే ఉంది. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ ప్రశ్నను స్త్రీలను అడగడం మా డాక్టర్లకు ఇంకా అలవాటు కాలేదు. ఓపీలో వంద మంది నిలబడి ఉంటే ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరుకుతాయి. అందుకని అడగకపోయినా మీరే చెప్పండి.

చిన్న పరీక్ష మీరే చేసుకోవచ్చు. సెలవురోజుల్లో, ఊరికి పోయినప్పుడు తగ్గి, పనికి రాగానే మళ్ళీ వస్తోందా? అలా అయితే పనినే అనుమానించాలి. దురద వచ్చిన రోజుకు ముందు మూడు రోజులు ఏమేం తాకారో పిల్లల నోటుపుస్తకంలో రాయించుకోండి. వాడే సబ్బు కవరు, రంగు పెట్టె, క్రీము ట్యూబు సంచిలో వేసుకుని ఆస్పత్రికి తీసుకురండి.

పెద్ద ఆస్పత్రుల చర్మవ్యాధుల విభాగాల్లో ప్యాచ్ పరీక్ష ఉంటుంది. 1895లో యడాసోన్ అనే జర్మన్ వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. అనుమానం ఉన్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపు మీద అంటించి, రెండు రోజులకు తీసి చూస్తారు. మూడో రోజు గాని, నాలుగో రోజు గాని మళ్ళీ చూస్తారు. ఎర్రబడి పొక్కినచోట ఉన్న పదార్థమే దోషి. అన్ని రోజులు స్నానం చెయ్యకూడదు, చెమట పట్టే పని చెయ్యకూడదు. అంటే ఆ రోజుల కూలి పోతుంది. ఈ పరీక్ష పేదలకు అందకపోవడానికి ఇది కూడా ఒక కారణం. ప్రైవేటు ల్యాబుల్లో “అలర్జీ ప్యాకేజీ” పేరుతో వేలు తీసుకుని చేసే రక్తపరీక్ష తాకిడి అలర్జీని పట్టుకోలేదు. ఆ డబ్బు దండగ.

చేతులను కాపాడుకోవడానికి కొన్ని మాటలు. లోపల నూలు తొడుగు, పైన నైట్రైల్ గాని ప్లాస్టిక్ గాని తొడుగు వేసుకోండి. లోపల తడి చేరితే వెంటనే మార్చండి, తడి తొడుగు కంటే ఉత్త చెయ్యి మేలు. సిమెంటు అంటితే ఆరకముందే మంచినీళ్ళతో కడగాలి. పెయింటు మరకలను కిరసనాయిలుతో, పెట్రోలుతో రుద్దవద్దు. పని అయ్యాక చేతులు తుడుచుకుని వేజ్‌లైన్ గాని కొబ్బరినూనె గాని రాయండి, రాత్రి పడుకునేముందు మళ్ళీ రాయండి. పుండు మీద పసుపు, వేపాకు ముద్ద, నిమ్మరసం పెట్టకండి.

ఒక హెచ్చరిక. దద్దుర్లతోపాటు పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చేసి ఆస్పత్రికి పోవాలి. అడ్రినలిన్ ఇంజెక్షను ప్రాణం కాపాడుతుంది. ఏదైనా మందు మొదలుపెట్టాక జ్వరం వచ్చి, నోట్లో పుండ్లు పడి, కళ్ళు మండి, చర్మం ఊడుతుంటే ఆ మందు ఆపి అదేరోజు పెద్దాస్పత్రికి రావాలి. దురదతో ఎవరూ చచ్చిపోరు అన్నమాట ఇక్కడ చెల్లదు.

చట్టం ఏమంటోంది?

ఫ్యాక్టరీల చట్టంలోని జబ్బుల జాబితాలో రసాయనాలు, పెయింట్ల వల్ల వచ్చే తాకిడి చర్మవ్యాధి ఉండేది. 2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్లు అమలులోకి వచ్చి ఆ చట్టమూ, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమూ వాటిలో కలిసిపోయాయి. వృత్తి భద్రత కోడ్‌లో కూడా ఆ జబ్బు జాబితాలో ఉంది. అలాంటి రోగిని చూసిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజెయ్యాలని ఆ కోడ్ చెబుతోంది. భద్రత కోసం ఇచ్చే వస్తువులకు కార్మికుల దగ్గర డబ్బు తీసుకోకూడదని కూడా ఉంది. చేతి తొడుగుల డబ్బు కూలిలో కోస్తే అది చట్టవిరుద్ధం. సామాజిక భద్రత కోడ్‌లో క్రోమియం వల్ల వచ్చే జబ్బులకు నష్టపరిహారం ఉంది, ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసి ఉండాలి. మేస్త్రీ మూడు నెలలకొకసారి సైటు మారుస్తుంటే ఆ ఆరు నెలలు ఎలా రుజువు చెయ్యాలి? హాజరు చీటీలు, కూలి ఇచ్చిన చిట్టా, ఫోనుకు వచ్చిన డబ్బుల సందేశాలు దాచుకోండి. సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోండి. నిర్మాణ ఖర్చులో 1 శాతానికి తగ్గకుండా వసూలయ్యే సెస్సు మీకోసమే. భర్త పేరు ఉంది కదా అని ఆగకండి, మీ పేరు విడిగా ఉండాలి.

ఇళ్ళలో పనిచేసే స్త్రీలకు ఈ మాత్రం కూడా లేదు. వృత్తి భద్రత కోడ్‌కు ఇల్లు పనిస్థలం కిందికి రాదు. ఇంటిపనివాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది, మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఇంటిపనివాళ్ళకు ప్రత్యేక చట్టం అవసరమేమో పరిశీలించడానికి ఒక కమిటీ వెయ్యమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. చట్టం వచ్చేదాకా చేతులు ఆగవు కదా. అందుకని అపార్ట్‌మెంట్ల సంఘాలతో మాట్లాడేటప్పుడు జీతం, సెలవులతోపాటు మంచి చేతి తొడుగులు, ఘాటు యాసిడ్ వాడకపోవడం, జబ్బుపడితే జీతంతో సెలవు కూడా అడగండి. ఒక్కరు అడిగితే తీసేస్తారు. బ్లాకులో పనిచేసే అందరూ కలిసి అడిగితే వింటారు.

ఇవన్నీ ఒక చిన్న కాగితం మీద ఆధారపడి ఉన్నాయి. మీ ఓపీ చీటీ. అందులో పేరు, వయసు రాస్తారు. వృత్తి దగ్గర ఖాళీ వదిలేస్తారు, లేకపోతే “గృహిణి” అని రాస్తారు. ఆ చీటీతో ఏ పరిహారమూ రాదు, ఏ లెక్కలోకీ మీ జబ్బు ఎక్కదు. ఈసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు “సిమెంటు పని చేస్తాను, మూడేళ్ళ నుంచి”, “ఐదిళ్ళలో గిన్నెలు తోముతాను, రోజుకు ఆరు గంటలు” అని చెప్పండి. రాయమనండి. రాశారో లేదో చదివి చూసుకోండి, చదవడం రాకపోతే పక్కనున్న అమ్మాయితో చదివించుకోండి. రాయకపోతే మళ్ళీ అడగండి. నేనైనా సరే, మరో డాక్టరైనా సరే, విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇప్పుడు మీ చేతులు చూపించండి. బయట బల్ల వేసి పెట్టాం, ఒక్కొక్కరే రండి. చీటీలో మొదటి గీత మీద మీ పని రాసి ఆ తర్వాతే మందు రాస్తాను.